కొండ కోటలో కంగారు

వ్యాను కొండ కింద ఆగీ ఆగకముందే తలుపు లాగి దూకినవాడు కంగారు. దూకి చూస్తే ఇంకెవరూ సీట్లలోంచి లేవలేదు. ఏమైనా పొరబాటు జరిగిందేమోనని మళ్ళీ లోపలికెక్కాడు. అతను ఎక్కగానే మిగతావాళ్ళంతా ఒక్కసారిగా దిగడం మొదలుపెట్టారు. ఆ ఇరుకు తలుపు దగ్గర అతను లోపలికీ వాళ్ళు బయటికీ తోసుకుంటుంటే, చివరికి అతని అక్క చొక్కా కాలరు పట్టుకుని కిందికి లాగింది.

ఈ మనిషికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. చక్కటి పేరే. సంతకం పెట్టేటప్పుడు తప్ప అది ఎవరికీ, అతనికి కూడా, గుర్తురాదు. పనిచేసేచోటా, అద్దెకున్న వీధిలోనూ అందరికీ అతను కంగారే. నీకు పొట్ట దగ్గర సంచి ఉందా అంకుల్ అని క్లినిక్కుకొచ్చే పిల్లలు అడుగుతుంటారు. ఏదైనా అడిగితే ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేయడం అతని అలవాటు. ఆ జవాబు సాధారణంగా వేరే ప్రశ్నది అయ్యుంటుంది. నలభైకి దగ్గరపడుతున్నాడు, ఇంతవరకు ఒకచోట కుదురుగా కూర్చుని టీ తాగిన పాపాన పోలేదు.

అతని పని పళ్ళసెట్లు తయారుచేయడం. పళ్ళ డాక్టరమ్మ క్లినిక్ వెనక, కిటికీ ఒకటే ఉన్న గదిలో, మైనం కరిగించి, అచ్చులు పోసి, ఎవరెవరి నోళ్ళకో నవ్వులు అమరుస్తుంటాడు. చేతిలో పన్ను ఉన్నంతసేపే మనిషి స్థిమితంగా ఉంటాడు. అది బల్ల మీద పెట్టాడా, ఇక కాలు కాలిన పిల్లే. రేపు పొద్దున ఆ గది ఖాళీ చేసి వేరే ఊళ్ళో పెద్ద ల్యాబుకి వెళ్ళిపోతున్నాడు. అక్కడ ఇతనే పెద్ద, ఇతని కింద నలుగురు పనివాళ్ళు. సంతోషించాల్సిన సంగతే. కానీ వారం రోజులుగా అతనికి అన్నం సహించడం లేదు. ఎందుకంటే క్లినిక్ ఉన్న ఆ భవనంలో వరండాకి ఇంకో చివర ఎక్స్‌రే గది ఉంది, ఆ గదిలో కదలొద్దు గారు ఉన్నారు.

ఆవిడకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిడ అనేది ఆ ఒక్క మాటే. మూడేళ్ళ కిందట మెట్లు రెండేసి చొప్పున దిగుతూ జారిపడి కంగారు మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎక్స్‌రే తీయబోతే ఎన్నిసార్లు తీసినా చెయ్యి పొగలా వచ్చింది. ఆవిడ ఇసుక సంచి పెట్టి చూసింది, పట్టీ కట్టి చూసింది. తల ప్రాణం తోకకొచ్చాక, "ఇప్పుడేం సెట్టు చేస్తున్నారండీ?" అని మామూలుగా అడిగింది. ముందుపళ్ళ మధ్య తన పాత సందు అలాగే ఉండాలని పట్టుబట్టిన ఒక పెద్దాయన సెట్టు గురించి అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఆ సందులోంచే ఆయన ఈల వేసేవాడట, భార్యని అలాగే పిలిచేవాడట. చెబుతూ చెబుతూ కంగారు కదలడం మరిచిపోయాడు. టప్పున ఫోటో పడింది. ఆ రోజు నుంచి వరండా బల్ల మీద ఇద్దరూ డబ్బాలు విప్పుకుని కలిసే తింటున్నారు. ఆ భవనం మొత్తంలో అతని పేరు చివర 'గారు' తగిలించేది ఆవిడొక్కతే. కంగారు గారూ అని ఆవిడ పిలుస్తుంటే అదేదో బిరుదులా వినిపించేది.

ఆవిడకి ముప్పై ఆరు. తండ్రి పోయాక తమ్ముణ్ణీ చెల్లెల్నీ చదివించి, పెళ్ళిళ్ళు చేసి, తన సంగతి చూసుకునే తీరిక చిక్కేసరికి అడిగేవాళ్ళు లేకుండా పోయారు. ఇప్పుడు తమ్ముడి ఇంట్లో ముందు గదిలో ఉంటోంది. ఇవన్నీ కంగారుకి తెలుసు. తన మనసు తనకి తెలుసు. తెలియనిదల్లా నోరు తెరవడం.

"మూడే ముక్కలు," అంది అక్క, కొండ దారి మొదట్లో అతని సంచి పట్టీ బిగిస్తూ. క్లినిక్కులో టోకెన్లు ఇచ్చేది ఆవిడే, తమ్ముణ్ణి ఆ ఉద్యోగంలో పెట్టించింది ఆవిడే. "రేపు వెళ్తున్నాను. మీరంటే నాకిష్టం. మనం పెళ్ళి చేసుకుందామా. అంతే. మధ్యలో ఇంకేం కలపకు. నువ్వు కలిపావంటే పాడవుతుంది."

"ఫోన్లో అడగనా?"

"ఫోన్లోనా? కిందటేడు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడానికి ఫోన్ చేసి, ఆవిడ హలో అనగానే రాంగ్ నంబర్ అని పెట్టేసింది ఎవరు?"

ఇక చెప్పేదేముంది, ఈరోజే అడగాలి, ఈ కొండ మీదే అడగాలి.

ఏడాదికోసారి ఆ భవనంలో పనిచేసేవాళ్ళంతా కలిసి ఇలా ఎక్కడికో నడిచి వెళ్తుంటారు. ఈసారి డాక్టరమ్మ నాన్నగారు, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, కొండ మీద పాత కోట ఉందని, అది చూడకపోతే బతుకే దండగని అందర్నీ బయల్దేరదీశారు. కింది అంతస్తులో మందుల షాపు నడిపే బావకి మాత్రం ఇదేమీ నచ్చలేదు. "రాజులకంటే శత్రువుల భయం ఉండి కొండెక్కారు. నాకు మీ అక్క తప్ప శత్రువులెవరున్నార్రా?" అంటూ మొదటి మలుపులోనే కూలబడ్డాడు.

దారి సన్నం. ఒకరి వెనక ఒకరు నడవాలి. కదలొద్దు గారు వరసలో ముందుంది. ఆవిడ నడక ఎలా ఉంటుందంటే, తొందరా లేదు, ఆగడమూ లేదు, మెట్టు తరవాత మెట్టు, అంతే. కంగారు మాత్రం ముందుకు పరిగెత్తి ఆవిడ దాకా వెళ్ళి, నోరు పెగలక, బావ ఎక్కడున్నాడో చూసొస్తానని వెనక్కి దిగేవాడు. దిగి, అక్క కళ్ళెర్రజేస్తే మళ్ళీ పైకి పరిగెత్తేవాడు. అందరూ ఒకసారి ఎక్కిన కొండని అతను రెండుసార్లు ఎక్కి ఉంటాడు. కాళ్ళు పీకుతున్నాయి, గుండె దడదడలాడుతోంది, అది కొండ వల్లో ఆవిడ వల్లో తేల్చుకునే ఓపిక లేదు.

ఒకసారి ధైర్యం చేసి ఆవిడ వెనకే నడిచాడు.

"రేపు వెళ్తున్నానండి."

"తెలుసు," అంది ఆవిడ. ఇంకేమైనా అంటాడేమోనని తల తిప్పి చూసింది.

రెండో ముక్క నాలుక చివరికొచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. "మీ బూట్లు బాగున్నాయండి," అన్నాడు.

"చెల్లెలివి. నాకు బిగుతు."

"అయితే బాగాలేవండి," అని మళ్ళీ కిందికి దిగిపోయాడు. అక్క అక్కడ నించునే తల కొట్టుకుంది.

కోట అని మాస్టారు అన్నారు గాని అక్కడ మిగిలింది సగం సగం గోడలు. పెద్ద పెద్ద రాళ్ళు, సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చినవి, ఎన్నో వందల ఏళ్ళ వానల్లో ఎండల్లో తడిసి ఆరి నల్లబడిపోయాయి. గడ్డి మోకాలెత్తు పెరిగింది. గడప ఉంది, తలుపు లేదు. మెట్లున్నాయి, అవి ఎక్కితే చేరే మేడ లేదు. గాలి ఒకటే ఈడ్చి కొడుతోంది, ఏ గోడ చాటుకెళ్ళినా ఇంకో సందులోంచి వచ్చి చొక్కాలు ఉబ్బిస్తోంది. ఒకప్పుడు ఇక్కడ మనుషులు తిని, తిట్టుకుని, పిల్లల్ని జోకొట్టి ఉంటారు కదా అనుకుంటే ఎవరికైనా కాసేపు నోట మాట రాదు. మాస్టారికి మాత్రం మాట ఆగలేదు.

"ఇది వంటిల్లు," అన్నారు ఒక రాళ్ళ కుప్ప దగ్గర. "గుర్రపుశాల కూడా అయ్యుండొచ్చు."

"ఆ రెండింటికీ తేడా తెలీనివాళ్ళు యుద్ధాలేం గెలుస్తారండీ," అన్నాడు అప్పుడే చేరుకున్న బావ, రొప్పుతూ.

అందరూ నవ్వారు. కంగారు కూడా నవ్వాడు, అందరూ ఆపేశాక. అతని కళ్ళు కదలొద్దు గారి కోసం వెతుకుతున్నాయి. ఆవిడ కాస్త ఎడంగా, గుండ్రటి గోడ ఒకటి ఉంటే దాని లోపలికి వెళ్ళింది. అది ధాన్యం నిలవచేసే గది అని మాస్టారు అంతకుముందే చెప్పారు, ఆ ఒక్కదాని విషయంలో ఆయనకు అనుమానం లేదు. పైకప్పు ఎప్పుడో కూలిపోయింది, గోడ మాత్రం మనిషెత్తున నిలిచి ఉంది. లోపలికీ బయటికీ ఒక్కటే సందు, ఒక మనిషి పట్టేంత.

అక్క మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. కంగారు వెళ్ళి ఆ సందులో నిలబడ్డాడు.

లోపల గాలి లేదు. ఆవిడ ఒక రాయి మీద కూర్చుని సంచిలోంచి నీళ్ళసీసా తీస్తోంది. అతన్ని చూసి పక్కకి జరిగింది, కూర్చోమన్నట్టు. కూర్చుంటే లేవలేనేమోనని భయమేసి అతను నిలబడే ఉన్నాడు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ గోడలో చిన్న రాయిని గోరుతో గీకడం మొదలుపెట్టాడు.

"అది పీకకండి, ఇంతకాలం నిలబడింది," అంది ఆవిడ.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "రేపు వెళ్తున్నానండి," అన్నాడు.

"దారిలో చెప్పారు."

"అవునవును. అదే... అక్కడ ఇల్లు చూశానండి. మరీ పెద్దదేం కాదు. రెండు గదులు. వంటింట్లో కిటికీ ఉంది. వెలుతురు బాగా వస్తుంది. అక్కడ ఆసుపత్రులు కూడా చాలా ఉన్నాయి, ఎక్స్‌రే వాళ్ళు దొరకడం లేదని చెప్పుకుంటున్నారు. అంటే నేను అడగలేదు, వాళ్ళే చెప్పారు. వీధి కూడా శుభ్రంగా ఉంది. నేనొక్కణ్ణే అయితే ఒక గది చాలు, కానీ రెండు గదులు తీసుకున్నాను. ఎందుకంటే... మీరు... మీకు వీలుంటే... మీరు కూడా రాకూడదూ?"

అక్క చెప్పిన మూడు ముక్కల్లో ఒక్కటే నోటివెంట వచ్చింది. మిగతాదంతా ఇల్లు అద్దెకిచ్చేవాడి వాగుడే. అయినా లోపలి మాట మాత్రం బయటపడింది, అది ఆవిడకి చేరింది కూడా. ఎందుకంటే ఆవిడ సీసా మూత బిగించబోతూ ఆగిపోయింది. ముఖం కిందికి దించుకుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ చాలాసేపే కంగారు ప్రాణం తీసింది. మామూలు మనిషికి అది నాలుగు ఊపిరుల సమయం. అతనికి మాత్రం కాళ్ళ కింద తేళ్ళు పాకుతున్నట్టుంది. తప్పుగా అడిగానా, కోపమొచ్చిందా, మూడేళ్ళ స్నేహం కూడా పోగొట్టుకున్నానా అని బుర్రలో గోల. అంతలో బయట మాస్టారు, "అందరూ బురుజు దగ్గరికి రావాలి! ఆలస్యం చేస్తే ఎండ కళ్ళలో పడి ఏమీ కనిపించదు!" అని కేకేశారు.

ఆవిడ లేచింది. చీర కుచ్చిళ్ళకంటిన గడ్డి దులుపుకుంది. సంచి తీసి భుజాన వేసుకుంది. అతనికెదురుగా వచ్చి నిలబడి, అతని చొక్కా గుండీ వైపు చూస్తూ, మెల్లగా, "వస్తాను," అంది.

కంగారు గుండెల్లో రాయి పడింది.

చెప్పకనే చెప్పింది కదా అనుకున్నాడు. పెద్దమనిషి తరహాలో, నొప్పించకుండా, అడిగినదాని ఊసెత్తకుండా సెలవు తీసుకుంటోంది. ఎవరింటికైనా వెళ్ళి లేచేటప్పుడు మనమంతా అనే మాటే. పాపం, తనకి కాదని చెప్పే ఇబ్బంది కూడా ఆవిడకి ఎందుకు కలిగించాలి? ఆ ఆలోచన పూర్తయ్యేలోపే అతని కాళ్ళు పక్కకి తప్పుకున్నాయి, నోరు దాని పని అది చేసేసింది.

"ఆఁ, మంచిదండి. వెళ్ళి రండి. ఆ బయట రాయి ఊగుతోంది, జాగ్రత్త."

ఆవిడ తలెత్తి అతన్ని చూసింది. ఆ చూపుకి అర్థం ఆ క్షణాన వెతుక్కుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ అతను అప్పటికే ఊగే రాయిని కాలితో నొక్కిపట్టే పనిలో ఉన్నాడు. ఆవిడ దాని మీద అడుగు వేసి, దాటి, గోడ వెంట నెమ్మదిగా నడిచి మలుపు తిరిగింది.

ఆ తరవాత బురుజు మీంచి ఏం కనిపించిందో, మాస్టారు ఏ రాజు ఏ రాజుని తోసేశాడని చెప్పారో అతని చెవికెక్కలేదు. భోజనాలప్పుడు అందరూ డబ్బాలు విప్పితే అతను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, చివరికి అన్నం బావకి వడ్డించేశాడు. కదలొద్దు గారు అవతలి గోడ నీడలో రక్తపరీక్షల అమ్మాయితో కూర్చుంది. ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. చూడనందుకు అతను ఇంకా కుంగిపోయాడు. చూసినా కుంగిపోయేవాడే, అది వేరే సంగతి. కూర్చోలేక కోట చుట్టూ తిరిగాడు, తిరగలేక కూర్చున్నాడు, బూటు తాడు విప్పి కట్టాడు, కట్టి విప్పాడు. రేపు పొద్దున దాకా ఆగకుండా ఈ రాత్రే బండెక్కేస్తే బాగుండుననిపించింది. ఏడుపొచ్చింది కూడా, గాలికి కళ్ళలో దుమ్ము పడిందని అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

దిగేటప్పుడు కదలొద్దు గారు అందరికంటే ముందు బయల్దేరింది. కంగారు అందరికంటే వెనక నడిచాడు. అతను వెనక నడవడం ఆ భవనంలో పనిచేసేవాళ్ళెవరూ అంతకుముందు చూడలేదు. అక్క ఆగి అతని కోసం చూసింది.

"ఏరా, అడిగావా?"

"అడిగా."

"మూడు ముక్కలూ?"

"కొంచెం కలిపాను."

"నీ మొహం. సరే, ఏమంది?"

"ఏమంటుంది. వస్తానంది, వెళ్ళిపోయింది."

అక్క నడక ఆగిపోయింది. "ఏమంది?"

"వస్తానంది."

"వస్తానందా!" అక్క మొహం వెయ్యి దీపాలు పెట్టినట్టయింది. తమ్ముడి మొహం చూసి ఆ దీపాలన్నీ మళ్ళీ ఆరిపోయాయి. "మరి అలా చచ్చినవాడిలా ఉన్నావేం? దానికి నువ్వేమన్నావు?"

"వెళ్ళి రండి అన్నాను. మనిషి సంచి భుజాన వేసుకుని వస్తానంటే ఇంకేమంటామక్కా?"

"ఆగు. ఆగరా. అంతకుముందు నువ్వేమడిగావు? ఆ ఆఖరి మాట ఉన్నదున్నట్టు చెప్పు."

"రాకూడదూ, అని."

"నువ్వు రాకూడదూ అన్నావు. ఆవిడ వస్తానంది."

"ఊఁ."

"ఒరేయ్," అంది అక్క. అరికాలి మంట నెత్తికెక్కినా గొంతు మాత్రం పెంచలేదు, పిచ్చివాడితో మాట్లాడినట్టు మాట్లాడింది. "రాకూడదూ అని అడిగినవాడితో ఆడది వస్తాను అంటే, ఎక్కడికి వస్తానన్నట్టురా?"

కంగారు దారి మధ్యలో చతికిలబడ్డాడు. వస్తాను అన్న మాట చెవిలో మళ్ళీ వినిపించింది. ఈసారి అందులో సెలవు లేదు. చొక్కా గుండీ వైపు చూస్తూ అన్న ఆ గొంతులో ఎంత సిగ్గుందో ఇప్పుడు తెలిసింది. పప్పులో కాలేయడమంటే ఇంతకంటే ఏముంటుంది? పుట్టినప్పటి నుంచి రోజూ నోట్లో నలిగే మాట, గడప దాటిన ప్రతిసారీ అనే మాట, బతుకులో అవసరమైన ఒక్కసారికి అర్థం కాలేదు.

"కూర్చున్నావేం? పరిగెత్తు!" అంది అక్క.

అతను పరిగెత్తాడు. దారిన పోయేవాళ్ళని ఒరుసుకుంటూ, మాస్టారి చేతికర్రని దూకి, రక్తపరీక్షల అమ్మాయి కెవ్వుమంటే క్షమించమ్మా అంటూ. రెండు బండల మధ్య దారి గొంతులా ఇరుకయ్యేచోట బావ మెట్టు మీద పూర్తిగా పరుచుకుని కూర్చుని బూటులో రాయి దులుపుకుంటున్నాడు.

"బావా, లే!"

"లేవడం అనేది ఇంటికెళ్ళాకేరా."

"బావా, ఆవిడ వస్తానంది!"

"అయితే రానీ. ఇక్కడే కూర్చుని చూద్దాం."

ఇక మాటలు లాభం లేదని కంగారు బావ భుజం మీద ఒక కాలు, బండ మీద ఒక కాలు వేసి అవతలికి దూకాడు. బావ తిట్టిన తిట్లు అతని వెనకాలే చాలా దూరం దిగాయి.

కొండ కింద వ్యాను నీడలో కదలొద్దు గారు బూట్లు విప్పి, మడమ మీద బొబ్బ చూసుకుంటోంది. అతను ఎదురుగా వెళ్ళి ఆగాడు గాని ఊపిరి అందక కాసేపు వంగిపోయాడు.

"మీరు... వస్తానన్నారు."

"అన్నాను," అంది ఆవిడ, తలెత్తకుండా.

"అంటే నిజంగా వస్తానన్నారు!"

"అన్నాను కదండీ. మీరు వెళ్ళి రమ్మన్నారు."

"నేను... మీరు వెళ్ళిపోతున్నారనుకున్నాను."

"ఎక్కడికి వెళ్తాను? అందరం ఒకే వ్యానులో వచ్చాం."

ఇంత చిన్న సంగతి అతనికి ఇప్పటిదాకా తట్టలేదు. నిజమే, ఆ కొండ మీంచి ఆవిడ ఒక్కతే సెలవు తీసుకుని ఎక్కడికి పోతుంది! నవ్వబోయాడు. ఆవిడ నవ్వకపోయేసరికి అది సగంలోనే ఆగిపోయింది.

"పొరబడ్డారు. సరే," అంది ఆవిడ. "నలుగురికి చెబితే నవ్వుతారు. నేనూ ఎప్పుడో నవ్వుతాను. అంత మాట కూర్చుని చెబితే బాగుండదని లేచాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సంచి తీసుకున్నాను. అది చూసి మీరు పొరబడ్డారు, అది తప్పు కాదు. కానీ కంగారు గారూ, నేను వెళ్ళిపోతున్నాననే అనుకున్నారు కదా. ఇక మళ్ళీ రాననే అనుకున్నారు కదా. అప్పుడు మీరేం చేశారు? పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఎక్కడికని అడగలేదు. ఎందుకని అడగలేదు. రాయి ఊగుతోందని చెప్పారు."

కంగారు పక్కకి ఒరిగిన ఆవిడ బూటు ఒకటి నిలబెట్టాడు.

"మా నాన్న పోయినప్పటి నుంచి అందరూ నన్ను ఉండమన్నవాళ్ళే. అమ్మ ఉండమంది, తమ్ముడు ఉండమన్నాడు, చెల్లెలు తన పురుడయ్యేదాకా ఉండమంది. రమ్మన్న మనిషి ఇన్నేళ్ళకి మీరొక్కరు. అందుకని వస్తానన్నాను. ఆ మలుపు దాకా నెమ్మదిగా నడిచాను, వెనక నుంచి పిలుస్తారేమోనని. మీరు పిలవలేదు."

ఆ మాటలు అనడం కంటే ఏడవడం తేలికని ఆవిడని చూస్తే తెలుస్తోంది, అయినా ఏడవలేదు. కంగారుకి మాత్రం కళ్ళు నిండాయి. తను చేసింది వినడంలో పొరబాటు కాదు. పోతే పోనీ అని వదిలేయడం. ఒక్కొక్కరే కొండ దిగి వ్యానులోకి ఎక్కుతున్నారు. బావ భుజం తడుముకుంటూ వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, ఏదో అనబోయి, అనకుండా ఎక్కేశాడు. డ్రైవరు హారను కొట్టాడు.

ఆవిడ బూట్లు చేత్తో పట్టుకుని, సంచి భుజాన వేసుకుని లేచింది. తలుపు దాకా వెళ్ళేసరికి కంగారు అక్కడ మెట్టుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"తప్పుకోండి, ఎక్కాలి."

"తప్పుకోను."

"కంగారు గారూ, అందరూ చూస్తున్నారు."

చూస్తున్నారు. కిటికీ కిటికీకీ రెండేసి తలలు. మాస్టారు, "ఏమైందమ్మా, బండి చెడిందా?" అని వెనక సీటు నుంచి అడిగారు, అక్క ఆయన్ని ఉష్ అంది. కంగారుకి చెమటలు పడుతున్నాయి. పారిపోవడానికి దారి కూడా ఉంది, ఒక్క అడుగు పక్కకి వేస్తే చాలు. వేయలేదు.

"రేపు వెళ్తున్నాను," అన్నాడు. "మీరంటే నాకిష్టం. మనం పెళ్ళి చేసుకుందామా?"

కిటికీ గురించి, వెలుతురు గురించి, వీధి గురించి ఒక్క మాట కలపలేదు. ఈసారి ఆవిడ మౌనం ధాన్యపు గదిలో కంటే ఎక్కువసేపే సాగింది. డ్రైవరు మళ్ళీ హారను కొట్టబోతే అక్క అతని చెయ్యి పట్టుకుంది.

"కాదంటే?" అంది ఆవిడ చివరికి.

"కాదనండి ముందు. అప్పుడు ఎందుకని అడుగుతాను."

"రేపు మాత్రం రాలేను. తమ్ముడికి చెప్పాలి. నా చోట వేరే మనిషిని చూసేదాకా డాక్టరమ్మగారు వదలరు. నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు."

"ఆగుతాను."

"మీరా?" అంది ఆవిడ. వ్యానులో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఆగుతాను," అన్నాడు కంగారు మళ్ళీ. అన్నాడే గాని ఎలా ఆగుతాడో అతనికే తెలియదు. అయినా ఆ మాట మీద నిలబడ్డాడు, మెట్టు మీద నిలబడ్డట్టే.

ఆవిడ చాలాసేపు అతని మొహంలోకే చూసింది.

"అయితే వస్తాను," అంది.

అతను నోరు తెరిచాడు, మూశాడు.

"ఎక్కడికి?" అని అడిగాడు.

"మన ఇంటికి," అంది ఆవిడ.

అప్పుడు గాని అతను తలుపు దగ్గర్నుంచి తప్పుకోలేదు.